నల్లగుడ్డ కింద తలకిందుల బందరు

1971 వేసవి సెలవుల్లో, నాకు పదేళ్ల వయసప్పుడు, మా మేనమామ బందరులోని తన స్టూడియోలో స్టాండు కెమెరా వెనక ముక్కాలిపీట వేసి, నన్ను దానిమీద నిలబెట్టి, తలమీద నల్లగుడ్డ కప్పారు. "ఒరే అబ్బాయ్, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కాస్త ఓపిక పట్టు. అద్దాన్ని మాత్రం ముట్టుకోకు" అన్నారు. ఆ గుడ్డకు చెమటా, కొబ్బరినూనే, ఫొటోలు కడిగే హైపో కలిసిన వాసన ఉండేది. మొదట ఏమీ కనిపించలేదు. కాసేపటికి గ్రౌండ్ గ్లాసు మీద, అంటే కెమెరా వెనక బొమ్మ పడే గరుకు అద్దం మీద, మసక వెలుగు తేరుకుని, అందులో కొత్త దంపతులు తలకిందులుగా వేలాడుతూ ప్రత్యక్షమయ్యారు. పెళ్లికూతురి పట్టుచీర కుచ్చిళ్లు పైనా, ఆమె తలలోని కనకాంబరాలు కిందా ఉన్నాయి. నవ్వాపుకోలేక నేను కదిలితే గుడ్డతో పాటు కెమెరా కూడా కదిలింది. మావయ్య గుడ్డలోకి చెయ్యి పోనిచ్చి, చీకట్లో తడుముకుని మరీ నా చెవి మెలిపెట్టారు. పెద్ద కెమెరా దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

ఆ కెమెరా పేరు వాగీశ్వరి. కేరళలోని ఆలప్పుళలో కె. కరుణాకరన్ 1940ల్లో తయారుచేయడం మొదలుపెట్టిన టేకు కెమెరా అది. ఇత్తడి మేకులూ, ఇత్తడి పట్టీలూ వేసి, నున్నగా పాలిషు పట్టిన ఆ పెట్టెను చూస్తే విదేశీ సరుకుకు ఏ మాత్రమూ తీసిపోదనిపించేది. మావయ్యది హాఫ్ ప్లేటు సైజు, అంటే 4¾ అంగుళాల వెడల్పు, 6½ అంగుళాల పొడవు ఉండే నెగెటివు. ఇప్పటివారు లార్జ్ ఫార్మాట్ అనే కెమెరాలో నిజానికి ఉండేది చాలా తక్కువ. ముందు పలకకు ఒక లెన్సు, వెనక ఒక గ్రౌండ్ గ్లాసు, రెంటికీ నడుమ హార్మోనియం తిత్తిలా ముడుచుకునే బెల్లోసు, అంతే. లెన్సు మాత్రం ఇంగ్లండు నుంచి వచ్చిన పాత ఇత్తడి లెన్సు. దానికి షట్టరు లేదు. మూత తీయడం, మనసులో లెక్కపెట్టడం, మూత పెట్టడం, ఇదే షట్టరు. మావయ్య మూత తీసేటప్పుడు చేతిని గాలిలో అర్ధచంద్రాకారంగా తిప్పేవారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఆ చేతినే చూస్తూ ఊపిరి బిగబట్టేవారు. ఆ చెయ్యి తిప్పడం గొప్పకోసం కాదనీ, మూత తీసిన కుదుపు సద్దుమణిగేదాకా దాన్ని లెన్సుకు అడ్డంగా గాలిలోనే ఉంచి, తర్వాతే పక్కకు తీసేవారనీ నాకు ఏభై ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన కిటికీ దగ్గర రీటచింగు బల్ల ముందు కూర్చునేవారు. బల్ల అడుగున అద్దం, పైన నెగెటివు. సూదిమొనలా అరగదీసిన పెన్సిలుతో, కంటికి ఆనని చిన్నచిన్న సున్నాలు చుడుతూ, ముఖం మీది మశూచి గుంటలు పూడ్చేవారు. నెగెటివులో ఆ గుంట నీడ ఖాళీగా, పారదర్శకంగా కనిపిస్తుంది. దాన్ని గ్రాఫైటుతో నింపితే ప్రింటులో చర్మం చదునై పోతుంది. పెళ్లిచూపుల ఫొటోలకు ఈ పని మరీ ఎక్కువగా ఉండేది. నెగెటివు అంత పెద్దదిగా ఉండబట్టే పెన్సిలు పట్టిందని నేను ఇప్పుడు గ్రహిస్తున్నాను. 35 ఎంఎం ఫిల్ములో గోరంత ముఖం మీద ఏ పెన్సిలు పని చేస్తుంది?

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇవాళ ఈ కెమెరాలు మొదలుపెట్టేవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా భయపడేది దానికే. ఒక హైస్కూలులో పదో తరగతి గ్రూపు ఫొటో తీయడానికి మావయ్య నన్ను స్టాండు మోయడానికి తీసుకెళ్లారు. ముందు వరుస నేలమీద మఠం వేసుకుని కూర్చుంది, మధ్య వరుసలో మాస్టార్లు కుర్చీల్లో, వెనక వరుస బల్లలెక్కి నిలబడింది. ముందు వరుసకు ఫోకసు చేస్తే వెనకవాళ్లు మసకబారుతున్నారు. ఆయన కెమెరా వెనక ఫ్రేము మరలు వదులు చేసి, దాని పైఅంచును రెండు వేళ్ల మందం వెనక్కి వాల్చి, మళ్లీ బిగించి, నన్ను గుడ్డలోకి రమ్మన్నారు. మూడు వరుసలూ ఒక్కసారే తేటపడి ఉన్నాయి. "ఎట్లా మావయ్యా?" అని అడిగితే, "దగ్గరున్న వస్తువు బొమ్మ లెన్సుకు దూరంగా పడుతుందిరా. ముందు వరుస బొమ్మ ఇక్కడ పైన ఉంది కదా, అందుకని పైఅంచును దూరం జరిపాను" అన్నారు. ఈ సూత్రానికి ఆస్ట్రియా సైనికాధికారి థియోడర్ షైంఫ్లుగ్ పేరు పెట్టారనీ, దాని మీద ఆయన 1904లో పేటెంటు తీసుకున్నారనీ నేను చాలా కాలానికి చదువుకున్నాను. మావయ్యకు ఆ పేరు తెలియదు, కానీ తలకిందులుగా ఉన్న బొమ్మే ఆయనకు లెక్క చెప్పింది. ఈ వివరణ కంటే సులువైనది నాకు ఇంతవరకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

తర్వాతి కాలం సంగతి తొందరగా చెప్పేస్తాను. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ అంతా పోయినట్టు మాకు పోలేదు గానీ, స్టూడియో కప్పు లేచిపోయి, గాజుప్లేట్ల పెట్టెలు తడిసి, ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయబోతే జెలటిను పొరలు పొరలుగా ఊడొచ్చింది. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి 'ఇందు' పేపరు మీద ప్రింట్లు వేస్తూ మావయ్య మరి కొన్నేళ్లు నడిపారు. తర్వాత చిన్న కెమెరాలు, ఆ తర్వాత రంగుల లాబులు వచ్చాయి. వాగీశ్వరి అటకెక్కింది. నేను బ్యాంకు ఉద్యోగంలో ఊళ్లు తిరిగి, 2021లో పదవీ విరమణ చేశాక, ఒకనాడు అత్తయ్యను అడిగితే ఆమె, "తీసుకుపో నాయనా, బూజు దులపలేక చస్తున్నాను" అన్నారు. మావయ్య అప్పటికి లేరు.

కెమెరా ఇంటికి తెచ్చుకున్న రోజు రాత్రి చేసిన మొదటి పని, గది దీపాలన్నీ ఆర్పి, బెల్లోసు లోపల చిన్న టార్చి పెట్టి వెలిగించి, బయటి నుంచి చూడటం. మడతల మూలల్లో నక్షత్రాల్లా పదకొండు చిల్లులు మెరిశాయి. పాత కెమెరా కొనాలనుకునేవారెవరైనా టేకు మెరుపూ, ఇత్తడి ధగధగా చూసి డబ్బు ఇవ్వకుండా, ముందు ఈ టార్చి పరీక్ష చేసి తీరాలని నా మనవి. చిల్లులకు సన్నటి నల్ల అద్దకం గుడ్డ ముక్కలు గుడ్డ అంటించే జిగురుతో లోపలి వైపు అంటించాను. జిగురు ఎక్కువైతే మడత బిరుసెక్కి పక్కనే మరో చిల్లు పడుతుందని రెండు వారాల తర్వాత తెలిసింది. లెన్సు గాజు మీద సముద్రపు గాలికి పట్టిన బూజు కొంత వదిలింది, కొంత వదలలేదు. వదలని దాని వల్ల ఫొటోకు జరిగిన నష్టమేమీ నాకు కనిపించలేదు.

అసలు చిక్కు ఫిల్ముతో వచ్చింది. 4×5 అంగుళాల షీట్ ఫిల్మును ఇల్‌ఫర్డ్ కంపెనీ ఇప్పటికీ తయారుచేస్తోంది, తెప్పించుకోవచ్చు. హాఫ్ ప్లేటు సైజు మాత్రం మామూలు దుకాణంలో దొరికేది కాదు. అప్పుడు పనికొచ్చింది ఎక్స్‌రే ఫిల్ము. ఆసుపత్రులు కంప్యూటరు ఎక్స్‌రేలకు మారిపోతున్న రోజుల్లో, వైద్య పరికరాలు అమ్మే కొట్టులో 8×10 అంగుళాల డబ్బా ఒకటి దొరికింది. కొట్టతను "ఎవరికి సార్, ఏం దెబ్బ తగిలింది?" అని ఆత్మీయంగా అడిగాడు. ఒక షీటును 10 అంగుళాల వైపు నడిమికి కోస్తే రెండు ముక్కలు. ఒక్కొక్క దాన్ని 4¾, 6½ కొలతలకు కత్తిరిస్తే రెండు హాఫ్ ప్లేట్లు తేలతాయి. మిగిలే ఒకటిన్నర అంగుళం పీలికలు పారేయనక్కర్లేదు. బొమ్మను తేల్చే డెవలపరు మందులో ఎన్ని నిమిషాలు ఉంచాలో తేల్చుకునే పరీక్షలన్నిటికీ అవే చాలు. కత్తిరించేటప్పుడు కొలతకు ఒక మిల్లీమీటరు తక్కువే ఉంచుకోవాలి. నిండు కొలతకు కోస్తే, ఫిల్మును కెమెరాలో పెట్టే చెక్క స్లైడులో ఇరుక్కుని, చీకట్లో ఏడిపిస్తుంది.

ఈ ఫిల్ముకు ఎరుపు రంగు కనిపించదు. అందుచేత ఎర్రబల్బు వెలుగులో కోసుకోవచ్చు, డెవలపు చేసేటప్పుడు బొమ్మ తేలడం కళ్లారా చూడవచ్చు. కొత్తవారికి ఇది ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను. దానికి మూల్యం కూడా ఉంది. ఎరుపు చూడలేనిది ఎర్రటి వస్తువునంతా నలుపు చేస్తుంది. మా ఆవిడను పెరట్లో కూర్చోబెట్టి తీసిన ఫొటోలో కుంకుమబొట్టు కాటుకచుక్కలా, తాంబూలం పండిన పెదవులు సిరా తాగినట్లుగా వచ్చాయి. ఆ ప్రింటు ఇంట్లో ఎవరికీ చూపించకూడదని ఒప్పందం.

మావయ్య స్లైడులు గాజుప్లేట్ల కోసం చేసినవి. ఫిల్ము గాజంత మందం ఉండదు కనుక, దాన్ని నల్లరంగు వేసిన రేకు తొడుగులో పెట్టి స్లైడులో కూర్చోబెట్టాలి. లేకపోతే మధ్యలో బొజ్జలా ఉబ్బుతుంది, గ్రౌండ్ గ్లాసు మీద చూసిన ఫోకసు ఫిల్ము మీద ఉండదు. తొడుగులు ఆరింటిలో నాలుగే మిగిలాయి. మిగతా రెండు పాతసామాన్ల వీధిలో రేకు పని చేసే ఆయన చేసిపెట్టారు. కొత్తగా తయారైన షీట్ ఫిల్ముకు ఒక మూల చిన్న గాట్లు ఉంటాయి. ఆ గాట్లు కుడిచేతి పైమూలకు వచ్చేలా నిలువుగా పట్టుకుంటే, బొమ్మను పట్టే మందు పూసిన వైపు మనకు ఎదురుగా ఉన్నట్టు. చీకట్లో వేలికొసే కన్ను. ఎక్స్‌రే ఫిల్ముకు ఈ బాధ లేదు, దానికి రెండు వైపులా మందే. తిరగేసి పెట్టే అవకాశమే లేని ఫిల్ముతో మొదలుపెట్టడం నా అదృష్టమని మురిసిపోయాను, రెండు వైపులా గీతలు పడతాయని తెలిసేదాకా.

మొదటి ఫొటోకు బందరులోని డచ్చివారి శ్మశానవాటికకు వెళ్లాను. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ వ్యాపారం చేసి, ఇక్కడే కన్నుమూసినవారి సమాధుల మీద పెద్దపెద్ద రాతిపలకలూ, వాటి మీద ఉబ్బెత్తు అక్షరాలూ, వంశచిహ్నాలూ ఉంటాయి. కదలని మనుషులు కావాలని వెళ్లాను, అంతకంటే కదలనివారు దొరకరు. షట్టరు లేని లెన్సుకు ఎండ పనికిరాదు. మూత తీసి పెట్టడానికి సెకను తక్కువ పట్టదు కనుక, తెల్లవారి నీడలో లెన్సు కంతను బాగా చిన్నది చేసుకోవాలి. నా ఫిల్ము వెలుగును పట్టే వేగాన్ని (ఐఎస్‌ఓ) 50గా అనుకున్నాను. అరిగిన అక్షరాలు ఎత్తుపల్లాలతో సహా తేటగా రావాలని, లెన్సు మీద కంత సైజు చెప్పే అంకెల్లో 64 దగ్గరికి తిప్పి, లెక్కవేసి, రెండున్నర సెకన్లు ఇచ్చాను. ఆరు స్లైడులూ అట్లాగే తీశాను. ఇంటికొచ్చి డెవలపు చేస్తే ఆరూ బొగ్గుపలకల్లా వచ్చాయి.

వారం రోజులు డెవలపరు మందును అనుమానించాను, ఫిల్మును అనుమానించాను, చివరికి బాత్రూము వెంటిలేటరును కూడా అనుమానించాను. తప్పు అంకెల్లో ఉంది. ఆ లెన్సు మీది వరుస 4, 8, 16, 32, 64. అవే కంతలకు ఇప్పటి లెక్కలో, అంటే ఎఫ్ నంబర్లలో, వరుస 8, 11, 16, 22, 32. పాత ఇంగ్లీషు లెన్సుల మీద 'యూనిఫాం సిస్టం' అని మరో లెక్క ఉండేది. దానిలో అంకె రెట్టింపైతే వెలుగు సగమవుతుంది, ఎఫ్ నంబరు రెట్టింపైతే నాలుగోవంతవుతుంది. నేను ఎఫ్ 64 అనుకున్నది నిజానికి ఎఫ్ 32, అంటే నాలుగింతలు వెలుగు ఎక్కువ ఇచ్చాను. రెండు లెక్కలూ కలిసేది 16 దగ్గర ఒక్కచోటే. మావయ్య లెన్సు వలయం మీద ఆ 16 దగ్గర ఇత్తడి తక్కినచోట్ల కంటే ఎక్కువగా అరిగి ఉంది. స్టూడియో ఫొటోలన్నీ ఆయన అక్కడే పెట్టి తీసి ఉంటారు. ఆ అంకె ఏ లెక్కదో తేల్చుకోవలసిన అవసరమే ఆయనకు పడలేదన్నమాట.

రెండోసారి వెళ్లినప్పుడు అదే చోట 64 దగ్గరే ఉంచి, మందపు మబ్బు పట్టేదాకా కూర్చుని, ఒక్క సెకను ఇచ్చాను. ఒక పలక మీది చిహ్నాన్ని మరీ దగ్గరగా తీయబోయి బెల్లోసును బాగా సాగదీయవలసి వచ్చింది. లెన్సు 8 అంగుళాలది, అది ఫిల్ముకు 16 అంగుళాల దూరం వెళ్లేసరికి వెలుగు నాలుగోవంతుకు పడిపోతుంది, అందుకని దానికి నాలుగు సెకన్లు. జేబులో టైలరు టేపు ఉంచుకోవడం ఆనాటి నుంచి అలవాటైంది. వెలుగు కొలిచే మీటరు లేకపోయినా గడుస్తుంది గానీ టేపు లేకపోతే నాకు చేతులు విరిగినట్టుంటుంది.

డెవలపింగు మా బాత్రూములో. డి-76 అనే డెవలపరు మందును కొనడం కంటే కలుపుకోవడమే నాకు ఇష్టం. లీటరు నీటికి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్సు 2 గ్రాములు. చిటికెడు సల్ఫైటు వేశాక మెటాల్‌ను ముందుగా కరిగించాలి. సల్ఫైటంతా పోశాక వేస్తే అది కరగక మొండికేస్తుంది. ఎక్స్‌రే ఫిల్ముకు ఈ మందును ఇంకా పలచన చేయకపోతే తెలుపూ నలుపే తప్ప నడుమ ఏమీ మిగలదు. పుస్తకాలన్నీ 20 డిగ్రీల వేడి అంటాయి. బందరులో మే నెలలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లతో స్నానానికి వేడి పెట్టుకోనక్కర్లేదు. ఒక పెద్ద టబ్బులో ఐసుముక్కలు పోసి, అందులో ట్రే పెట్టి, థర్మామీటరు వంక చూస్తూ కూర్చోవడమే. ఒకసారి ఐసు తేవడం బద్ధకించి 32 డిగ్రీల్లో చేస్తే జెలటిను పాలమీగడలా మడతలు పడి, వంశచిహ్నంలోని సింహానికి రెండు తోకలు వచ్చాయి. ట్రే అడుగున గరుకు తగిలి గీతలు పడకుండా ఒక గాజుపలక వేసుకోవడం, గోళ్లు కత్తిరించుకోవడం, ఒక్క ట్రేలో ఒకేసారి ఒక్క షీటే వేయడం, ఇవి నేను నష్టపోయి నేర్చుకున్నవి.

పీలికలన్నీ అయిపోయాక వచ్చిన మొదటి మంచి నెగెటివును బట్టలపిన్నుకు వేలాడదీసి, నీళ్లు కారుతుండగానే కిటికీ వెలుగుకు పట్టి చూశాను. పలక మీది ఒక్కొక్క అక్షరం పక్కన ఉలి తగిలిన గుర్తులు కూడా లెక్కపెట్టవచ్చు. దాన్ని ప్రింటు వేయడానికి, బొమ్మను పెద్దది చేసే ఎన్‌లార్జరు అక్కర్లేదు. పేపరు మీద నేరుగా పరచి, పైన గాజు అదిమి, జీరో బల్బు వెలిగించి ఆర్పితే నెగెటివంత ప్రింటు వస్తుంది. నిజాం కొలువులో ఫొటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. వాటి నుంచి వేసిన ప్రింట్లలో దర్బారు మనుషుల అంగీల మీది కుట్టుపని దారాలు విడివిడిగా కనిపించడం చూసి, పూర్వం నేను అది లెన్సు గొప్పతనం అనుకునేవాణ్ని. చిన్న నెగెటివును సాగదీసి పెద్దది చేయకపోవడంలోనే సగం మర్మం ఉందని ఇప్పుడు నా అభిప్రాయం.

ఈ మధ్య ఒకరిద్దరు కుర్రవాళ్లు నా దగ్గరికి వచ్చి ఏ కెమెరా కొనమంటారని అడుగుతున్నారు. హాఫ్ ప్లేటు నాకు వారసత్వంగా వచ్చింది కనుక భరిస్తున్నాను, మీరు మాత్రం 4×5 తీసుకోండని చెబుతాను. ఫిల్ము దొరుకుతుంది, స్లైడులు దొరుకుతాయి, 150 ఎంఎం లెన్సు ఒక్కటి ఉంటే రెండేళ్లు మరొకటి తలచుకోనక్కర్లేదు. ముందు ఫ్రేమును అటూ ఇటూ వంచే విద్యలన్నిటిలో మొదట నేర్చుకోవలసింది లెన్సును నిటారుగా పైకి జరపడం ఒక్కటే. గాలిగోపురం తీయడానికి కెమెరా ముఖాన్ని పైకెత్తితే గోపురం వెనక్కి పడిపోతున్నట్లు వస్తుంది. కెమెరాను సమంగా ఉంచి లెన్సును మాత్రం పైకి జరిపితే నిటారుగా నిలబడుతుంది. ఇంకా, ఫోకసు చూసుకున్నాక లెన్సు మూత పెట్టామా, స్లైడు తోశామా, ఫిల్ముకు అడ్డుగా ఉన్న స్లైడు పలక లాగామా, తీశాక గుర్తుగా ఆ పలకను నలుపు వైపు బయటికి ఉండేలా తిరిగి పెట్టామా అని ప్రతిసారీ పైకి అనుకుంటూ చేయమంటాను. పెద్దవాళ్లు సంధ్యావందనంలో మంత్రం మరిచిపోకుండా గొణుక్కుంటారే, అట్లా. నవ్వుతారు. నేను పలక లాగడం మరిచి ఖాళీగా తీసిన స్లైడుల లెక్క వాళ్లకు చెప్పలేదు.

మావయ్య స్లైడుల మీద తెల్లరంగుతో 1 నుంచి 6 దాకా అంకెలు వేసి ఉన్నాయి. నా నెగెటివుల్లో అప్పుడప్పుడూ ఎడమ మూల నుంచి కత్తివాటుగా ఒక నల్లగీత వచ్చేది. బెల్లోసు అతుకులన్నీ మళ్లీ వెతికాను, లెన్సు పలక చుట్టూ నల్ల ఊలు కుక్కాను. నోటుపుస్తకంలో ఏ ఫొటో ఏ స్లైడుతో తీశానో రాసుకోవడం మొదలుపెట్టిన నెలకు తేలింది, గీత వచ్చేది ఐదో నంబరులోనే. స్లైడును కిటికీ దగ్గరికి తీసుకుపోయి తిప్పి చూస్తే, పలక దూరే సందు పక్కన, కొయ్య మీద, మేకు మొనతో గీసిన చిన్న ఇంటూ గుర్తు ఉంది. పాలిషులో కలిసిపోయి ఇన్నాళ్లూ కనిపించలేదు. ఆ సందులోని వెల్వెటు పట్టీ ఎలుక కొరికినట్టు ఒకచోట లేచిపోయి ఉంది. పట్టీ మార్చాను గానీ గుర్తు చెరపలేదు. ఇప్పుడు ఎవరైనా పిల్లలు నేర్చుకోవడానికి వస్తే, వట్టి కాగితం ముక్క పెట్టి, చీకట్లో ఫిల్ము ఎక్కించడం అలవాటు చేసుకోమని ఆ ఐదో నంబరే చేతికిస్తాను.